పెండ్లి కవర్లు

ఒకటో తారీకు సాయంత్రం
గ్రీమ్స్‌పేట ఏటీయంలో పద్దెనిమిది వేలు తీసి
కొంగు కింద దాచుకోని ఇంటికొస్తాను,
దొంగిలించినట్టు.
నా జీతమే.

బీరువాలో పాత పెండ్లి కవర్లుండాయి.
మూలలకు పసుపు ఇంకా పోలేదు.
ఎవరో పెండ్లికూతురి పేరు కొట్టేసి ‘పాలు’ అని రాసినాను.
పెండ్లికొడుకు పేరు మింద ‘పెట్రోలు’.
శుభలేఖ అని బంగారు రంగులో అచ్చేసిన చోట
‘అంగడి’.
ఆఖరుదానికి ఏం పేరు పెట్టాల్నో తెలీక
‘ఏమన్నా వస్తే’ అని రాసి
వెయ్యి రూపాయలు పెట్టి అంటించినాను.

కార్డునేమో
ఇడ్లీ రవ్వ డబ్బా అడుగున పూడ్చినాను.

కార్డు గీకితే నొప్పుండదు.
ఆస్పత్రి ల్యాబులో దినానికి నలభై మందికి సూది గుచ్చేదాన్ని,
నాకు తెలుసు.
చురుక్కుమంటేనే మనిషి తన చేతి వైపు చూస్తాడు.
తిమ్మిరెక్కిన చేతిలోంచి
ఎన్ని సీసాలు పోయినా పక్క గోడ మింది క్యాలెండరే చూస్తా ఉంటాడు.

ఆడికృత్తికకు ముందు వచ్చిన బిల్లు
నలభై ఒక్క వేల ఆరు వందలు.
ఏం కొన్నామబ్బా అని ఇల్లంతా వెతికితే
ఒక మిక్సీ, రెండు జతల చెప్పులు,
పాపకు బిగుతైపోయిన గౌను కనిపించినాయి.
మిగిలిందంతా ఏ సందున పోయిందో.
ఆ పొద్దు నుంచి నేనూ చెంగల్రాయులూ
మాటలు కూడా కంతుల లెక్కన కట్టుకుంటా వచ్చినాం.
కొన్ని కంతులు ఎగ్గొట్టినాం కూడా.

ఇప్పుడు నోటు తీస్తే
ఎవరిదో చెమట వాసన, ఎవరో రాసుకున్న ఫోను నంబరు.
ఐదొందలు విరిచేటప్పుడు
చెయ్యి ఒక్క గడియ ఆగతాది.
సంతపేటలో ఆ గడియసేపట్లోనే
చిలకపచ్చ చీరొకటి నన్నొదిలి పోయింది.
ఏడవలేదు.
మలుపు దాకా పోయి మాత్రం
వెనక్కి తిరిగి చూసినాను.

షబ్బీరన్న అంగట్లో ఇంకో కత.
“చిల్లర లేదమ్మా, స్కాన్ కొట్టు.”
“లేదన్నా, నోటే.”
నన్నొక పాతకాలం దాన్ని చూసినట్టు చూసి
మూడు రూపాయలకు మూడు పుదీనా బిళ్లలు చేతిలో పెడతాడు.
నెల సగానికే పదిహేడైనాయి.
వాటికీ ఒక కవరు కావాలేమో.

పన్నెండో తారీకు
పాల కవర్లో చీటీ దొరికింది.
“రెండొందలు తీసుకున్నా. బండి పంచరు. సోమారం పెడతా.”
పెండ్లి కాకముందు
బస్టాండులో నా చేతిలో పెట్టి పారిపోయిన కాగితంలోని
అదే వంకర రాత.
కింద రాసినాను:
“పెట్రోలు కవర్లో ఉండె కదా?”
మర్నాడు: “దాంట్లో ముందే లేవు.”
ఆ మర్నాడు: “నాతో చెప్పొచ్చు కదా?”
జవాబు రాలేదు.
సోమారం రెండొందలు వచ్చినాయి,
మింద ఇరవై.
లెక్క తప్పినావా అని అడగలేదు.

ఇరవై నాలుగున ‘ఏమన్నా వస్తే’ చించాల్సి వచ్చింది.
వచ్చింది రోగం కాదు.
పలమనేరు నుంచి మా చెల్లెలు,
ఫోనన్నా చెయ్యకుండా, ఇద్దరు పిల్లోళ్లతో.
నాటుకోడికని కవరు చించితే
నా వెయ్యి కింద
గట్టిగా ఒక పది రూపాయల బిళ్ల.
నేను పెట్టింది కాదు.
ఏ పక్క నుంచి తోసిందో లిఖిత,
ఏడో తరగతి,
సంగటి ముద్ద మింద గుంట చేస్తా
నా వైపు చూడనే లేదు.

ఈ పొద్దు ముప్పై.
కవర్లన్నీ పలచగా, పెండ్లైపోయిన ఇంటి మాదిర ఉండాయి.
రాత్రి పిండికని రవ్వ డబ్బా తీస్తే
గంటెకు టక్కుమని తగిలింది.
రవ్వలోంచి కార్డు మూల
తెల్లారక ముందే లేచిన పిల్లోని మాదిర
నన్నే చూస్తాంది.

మూత పెట్టేసినాను.
రేప్పొద్దున్నకు
రాగిపిండి ఉందిలే.